ఒకే గదిలో రెండు వర్క్‌షాపులు

జనవరి 11

ఆడపడుచు గారికి,

ఇంత మర్యాదగా పిలిచానంటే ఏదో పని పడిందని ఈపాటికే కనిపెట్టి ఉంటావు. పని కాదు, హెచ్చరిక.

ఈసారి మా కంప్యూటర్ కాన్ఫరెన్సులో వర్క్‌షాపుల కన్వీనరు పని నా నెత్తిన పడింది. అసలు సభలకు ముందురోజు ఒక్కో గదిలో ఒక్కో విషయం మీద పాతికమంది కూర్చుని వాదించుకుంటారే, ఆ చిన్న సభలన్నీ ఇక నా పూచీ. బయటికి ఇది పెద్ద గౌరవం. లోపల మాత్రం అచ్చంగా పెళ్ళిళ్ళ హాలు మేనేజరు ఉద్యోగం. గదులు ఏడు, అడిగినవాళ్ళు ఇరవైమంది. ఆ ఏడింటిలో ఒకదానికి నట్టనడుమ స్తంభం. అది ఎవరికిచ్చినా నాకు శాపనార్థాలు తప్పవు.

ఆ ఇరవైలో నీ ప్రపోజల్ కూడా ఉంది. పేరు చూడగానే ఫైలు మూసేశాను. ఈమె మా ఆయన చెల్లెలు అని కమిటీకి చెప్పేశాను. రూలు ప్రకారం నీ వంతు వచ్చినప్పుడు నేను గదిలోంచి లేచి బయటికి వెళ్ళిపోవాలి. నీ సంగతి తేల్చేది నా జోడీ కన్వీనరు. మాట మాటకీ చేతి గడియారం చూసుకుంటారని ఆయన్ని అందరం చాటుగా గడియారం గారంటాం. మనిషి నిక్కచ్చి.

కాబట్టి ఈ రెండు నెలలూ నాకు ఫోను చెయ్యకు. ఫోనులో నా నోరు ఆగదని నీకు తెలుసు. మామూలుగా మనం రాసుకునే ఈ పొడుగు మెయిళ్ళు చాలు, అందులోనూ వర్క్‌షాపు ఊసు వద్దు.

ఇంట్లో అందరూ బాగున్నారు. వంటింటి గోడకు చెమ్మ ఎక్కుతోంది. పైన ట్యాంకు కారుతోందని మీ అన్నయ్యకు వారం నుంచి చెబుతున్నాను. చూస్తానంటారు, క్లినిక్కుకి వెళ్ళిపోతారు. పళ్ళ డాక్టరుకి పైపులేం తెలుస్తాయని అత్తయ్య వెనకేసుకొస్తోంది.

నీ వదిన


జనవరి 13

వదినా,

నీ హెచ్చరిక అందింది. నేను సిఫారసు అడుగుతానని నువ్వెలా అనుకున్నావు? నీ పేరు కన్వీనర్ల వరసలో చూసినప్పుడు ప్రపోజల్ మానేద్దామా అని కూడా అనుకున్నాను. మా పొడుగమ్మాయి ఊరుకోలేదు. పొడుగమ్మాయి అంటే నా దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. మా ల్యాబు తలుపు దగ్గర తలవంచి మరీ లోపలికి రావాలి పాపం.

ఊసెత్తవద్దన్నావు కాబట్టి ఒక్కసారే చెప్పి ఊరుకుంటాను. ఆసుపత్రుల్లో, రైల్వేల్లో ముప్పై ఏళ్ళ నాటి ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయి. రాసినవాళ్ళు లేరు. ఏ ముక్క తీసేస్తే ఏది కూలుతుందో ఎవరికీ తెలియదు. వాటిని కూలకుండా విప్పి బాగుచేసేవాళ్ళందర్నీ ఒక రోజు ఒకచోట కూర్చోబెట్టాలని నా కోరిక. ఇన్నేళ్ళుగా ఎవరో పెట్టిన వర్క్‌షాపులో వెనక వరసలో కూర్చుని వస్తున్నాను. ఇది నేను పెట్టే మొదటిది. పొడుగమ్మాయికి కూడా తన పేపరు ఈ ఏడు ఎక్కడో ఒకచోట చదివితే గానీ పట్టా రాదు.

మా ప్రిన్సిపాల్ గారైతే "మీకెందుకండీ ఇవన్నీ, క్లాసులు చెప్పుకోక" అన్నారు. జనరేటరు పక్కన గది ఇచ్చిన మనిషి అంతకంటే ఏమంటారు? అది మోగుతున్నంతసేపూ నేను పాఠం అరిచి చెప్పాలి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ట్యాంకు సంగతి నేనూ అన్నయ్యకు చెప్తాలే.

నీ మరదలు


ఫిబ్రవరి 20

అమ్మాయ్,

నీకు ఆఫీసు మెయిలు రేపు వస్తుంది. ఒక రోజు ముందు చెప్తే కొంపలేం మునగవు.

నిన్న రోజంతా మీటింగు. నీ వంతు రాగానే లేచి వెళ్ళి, వరండాలో మంచినీళ్ళ యంత్రం పక్కన స్కూల్లో శిక్ష పడ్డ పిల్లలా నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగొచ్చేసరికి గడియారం గారు తరవాతి ఫైలు తీస్తున్నారు. మొహం చూసి కనిపెట్టేశాను. మొత్తానికి, కథ చివరికి బాగా ముగిసింది. నీ వర్క్‌షాపు పోలేదు. పెద్దాయన వర్క్‌షాపుతో కలిపేశారు.

అవును, మీ పెద్దాయనే. నువ్వు ఒకప్పుడు పనిచేసిన ల్యాబు ప్రొఫెసరు గారే. ఆయనా సరిగ్గా ఈ పాత ప్రోగ్రాముల మీదే పెట్టారు. రెండు ప్రపోజళ్ళూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి, విడదీయడం ఎందుకన్నాను. అందరికీ నచ్చింది. రెండువందలమంది పట్టే హాలు, స్తంభం లేదు. మీ ఇద్దరి పేర్లూ పక్కపక్కన పడతాయి. ఆయనకు ఫోను చేస్తే "మా పిల్లే కదా, రానివ్వండి" అన్నారట. ఎంత పెద్దమనసో చూడు.

ఇక నీ పొడుగమ్మాయి అంత పెద్ద హాల్లో తలవంచక్కర్లేదు. అత్తయ్యకు చెబితే చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ చెప్పి వచ్చింది. మీ అన్నయ్య మాత్రం వింటూనే లేచి ట్యాంకు చూడ్డానికి మేడ మీదికి వెళ్ళారు. ఎట్టకేలకు.

సంతోషంతో,
వదిన


ఫిబ్రవరి 22

వదినా,

ఆఫీసు మెయిలు వచ్చింది.

కలపకుండా కుదురుతుందేమో చూడు. మా వర్క్‌షాపు తీరు వేరు. మావాళ్ళు ప్రోగ్రాము తెర మీద పెట్టి అందరూ కలిసి విప్పుతారు, పెద్ద హాల్లో అది జరగదు. స్తంభం ఉన్న గదైనా సరే, మెట్ల కింద గదైనా సరే. పూట చాలు. రోజంతా అక్కర్లేదు.

అమ్మను ఎవరికీ చెప్పొద్దను.

మరదలు


ఫిబ్రవరి 25

ఆడపడుచు గారికి,

నాలుగు ముక్కల ఉత్తరం అందింది. నీకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంతకంటే పొడుగ్గా రాసేదానివి.

నీ కోరిక గడియారం గారి ముందు పెట్టాను. పెట్టకూడదు, అయినా పెట్టాను. ఆయన వాచీ చూసుకుని "మీ మరదలు గారికి హాలు నచ్చలేదా, మనుషులు నచ్చలేదా?" అని అడిగారు. నా తల కొట్టేసినట్టయింది. ఇరవైమందిలో పన్నెండుమందిని ఉత్త చేతులతో పంపాం. వాళ్ళంతా ఏ మూలైనా చాలన్నవాళ్ళే. నీకు హాలిస్తే మెట్ల కింద గది కావాలంటున్నావు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుంటే తన పేరు కనబడదని భయమేమో అని కమిటీలో ఒకావిడ నవ్వింది కూడా. నేను కాదనలేకపోయాను, ఎందుకంటే నాకూ అలాగే అనిపించింది. చిన్నప్పటినుంచీ నీకు నీ గది, నీ బీరువా, నీ తాళం. మనసులో ఉన్న మాట చెప్పేస్తున్నాను, ఏమనుకున్నా సరే.

పెద్దాయన కార్యక్రమం పంపారు. ప్రారంభోపన్యాసం ఆయనది. పొడుగమ్మాయి పేపరు మధ్యాహ్నం. చివర్లో వందన సమర్పణ నీది. అది కాస్త తక్కువే, ఒప్పుకుంటాను. అడిగితే ఇంకొంచెం ఇస్తారు. ఆయన అడిగితే ఇచ్చే మనిషి.

శుక్రవారంలోగా నువ్వు సరేనని రాయకపోతే నీ పేరు తీసేస్తారు. ఇందులో నా చేతిలో ఏమీ లేదు.

మీ అన్నయ్యను కదిపాను. "దాని ఇష్టం, దాన్ని వదిలెయ్" అన్నారు. రోజంతా జనాల నోళ్ళు తెరిపిస్తారు, తన నోరు మాత్రం ఇంట్లో తెరవరు. అన్నాచెల్లెళ్ళు మీరిద్దరూ ఒకటి, నేనే పైదాన్ని.

వదిన


ఫిబ్రవరి 26

వదినా,

ఇంక నటించడం నావల్ల కాదు. నీకు తెలుసు. తెలిసే చేశావు.

అన్నయ్యకు తొమ్మిదేళ్ళ నుంచి తెలుసు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కంచం దగ్గర మాట్లాడుకుంటారు. నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఇన్నేళ్ళూ నువ్వు ఆ ఊసెత్తకపోతే నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అనుకున్నాను. నీ మీద నాకున్న గౌరవంలో సగం దానికే. ఇప్పుడేమో ఆయన పెద్దమనసు గురించి నాకే రాస్తున్నావు.

తెలియనట్టే ఉంటానంటావా, అయితే నేనే చెప్తాను. ఏ ముక్క తీస్తే పాత ప్రోగ్రాము కూలదో కనిపెట్టే పద్ధతి నేను రాశాను. ఆయన ల్యాబులో, కిటికీ పక్క బల్ల మీద, రెండేళ్ళు. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు సెలవు పెట్టి వచ్చానే, గుర్తుందా? నువ్వు పగలు, నేను రాత్రి కూర్చునేవాళ్ళం. నాన్న పోయాక నేను తిరిగి వెళ్ళేసరికి పేపరు అచ్చయింది. ఆయన పేరు ఉంది, ఇంకో ఇద్దరి పేర్లున్నాయి. నాది లేదు. అడిగితే "నువ్వు అందుబాటులో లేవు కదమ్మా, అయినా ల్యాబులో పుట్టింది ల్యాబుదే" అన్నారు. ఎంతో ప్రేమగా అన్నారు. నెత్తి మీద చెయ్యి కూడా వేశారు.

అన్నయ్య వెళ్ళి నిలదీస్తానన్నాడు. నేనే ఒట్టు వేయించుకున్నాను, ఎవరికీ చెప్పొద్దని. ఆయన రాసిచ్చే ఉత్తరం లేకపోతే నాకు ఇంకెక్కడా ఉద్యోగం రాదు. అమ్మ అప్పుడున్న స్థితిలో ఈ సంగతి కూడానా అనిపించింది. ఆ ల్యాబు వదిలేస్తే మీరంతా దుఃఖంలో వదిలేశాననుకున్నారు. అనుకోనిచ్చాను.

రెండు ప్రపోజళ్ళూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయన్నావు. అవి ఒక తల్లి పిల్లలే. ఆ తల్లిని నేను. ఆ మనిషి ఉపన్యాసానికి నన్ను వందన సమర్పణ చెయ్యమంటున్నావు.

నువ్వు ఇది ఎందుకు చేశావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.


ఫిబ్రవరి 27, ఉదయం

అమ్మాయ్,

నాకు తెలియదు. మామయ్య గారి మీద ఒట్టు, నాకు తెలియదు.

నీ ఉత్తరం తీసుకెళ్ళి మీ అన్నయ్య ముందు పెట్టాను. చదివి కళ్ళజోడు తీసి "మాటిచ్చాను" అన్నారు. అంతే. తొమ్మిదేళ్ళు పక్కలో పడుకున్న మనిషి. నాకు చెప్పనందుకు కోపం రావాలో, నీకిచ్చిన మాట తప్పనందుకు సంతోషించాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మళ్ళీ తోమాను. అత్తయ్య ఏమైందని అడిగింది. ట్యాంకు అన్నాను.

ఎందుకు చేశానని అడిగావు. చెప్తాను. ఆరోజు నేను వరండాలోంచి లోపలికొచ్చేసరికి గడియారం గారు నీ ప్రపోజల్ కొట్టేశారు. విషయం బాగుంది గానీ పేపర్లు తక్కువ, రోజంతా నడవదన్నారు. అది సరైన కారణమే. నేను నోరు మూసుకుని కూర్చోవలసినదాన్ని. కూర్చోలేదు. కొట్టెయ్యడమెందుకు, పెద్దాయన దానితో కలపండి అన్నాను. బయటికి వెళ్ళిరావడం వరకే రూలు పాటించాను. నీకు హాలు ఇప్పించానని లోలోపల పొంగిపోయాను కూడా. ఆఖరికి నిన్ను తీసుకెళ్ళి ఎవరి పక్కన కూర్చోబెట్టానో చూడు.

నీ గది, నీ తాళం అని ఏవేవో రాశాను. ఆ ముక్కలు చదువుకుంటే నాకే సిగ్గేస్తోంది.

ఇవాళ కమిటీ ఉంది. నేనే అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి, నా మరదలి విషయంలో నేను కల్పించుకున్నాను, ఆ కలపడం చెల్లదు, రద్దు చెయ్యండి అని చెప్తాను. నీ కథ ఒక్క ముక్క కూడా చెప్పను. అది నీది.

వదిన


ఫిబ్రవరి 27, మధ్యాహ్నం

వదినా,

నిన్నటి ఉత్తరం పంపాక పగలంతా మనసు మనసులో లేదు. నీ జవాబు వచ్చినట్టుంది, ఇంకా తెరవలేదు. తెరిస్తే మళ్ళీ మనసు మారుతుందని భయం. ముందు ఇది పంపిస్తున్నాను.

నేను ఒప్పుకుంటున్నాను. కలిపే ఉండనీ.

పొద్దున పొడుగమ్మాయి తన పేపరు చదివి వినిపించింది. జనరేటరు మోగుతుంటే గొంతు పెంచి మరీ చదివింది. బాగా రాసింది వదినా, ఆ వయసులో నేను రాసినదానికంటే బాగా రాసింది. నా పంతానికి దాని ఏడాది ఎందుకు పోవాలి? ఒక్కరోజు ఆయన పక్కన కూర్చుంటాను. వందన సమర్పణ చేస్తాను. కాకపోతే ఆయన పేరు చెప్పేటప్పుడు నీళ్ళు తాగుతాను.

కమిటీకి సరేనని చెప్పు. నువ్వేమీ చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ.

నీ మరదలు


ఫిబ్రవరి 28

అమ్మాయ్,

నీ ఉత్తరం మీటింగు అయ్యాక చూశాను.

అప్పటికే అంతా అయిపోయింది. అధ్యక్షురాలు చాలా మంచావిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ మొత్తం విన్నారు. "ఇప్పుడెందుకు చెబుతున్నారు, ఎవరూ అడగలేదు కదా?" అన్నారు. కారణం చెప్పలేనన్నాను. నన్ను కన్వీనరు పని నుంచి తప్పించారు. ఆ మాట అనడానికి ఆవిడే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. గడియారం గారు మొదటిసారి వాచీ చూసుకోకుండా నావైపు చూశారు. కలపడం రద్దయింది. అంటే ఆయన మొదటి నిర్ణయమే నిలుస్తుంది. నీ వర్క్‌షాపు లేదు. పొడుగమ్మాయి పేపరుకూ చోటు లేదు.

నా కన్వీనరు పని సంగతి వదిలెయ్. నీ ఉత్తరం ఒక పూట ముందు చూసుకుని ఉంటే ఆగేదాన్ని. నీ చేతిలో మిగిలిన ఆ ఒక్కటి కూడా నేనే పోగొట్టాను.

ఇంతటితో అయిపోలేదు. సాయంత్రానికి పెద్దాయన కమిటీ అందరికీ, నీకూ మెయిలు పెట్టారు. నువ్వూ చూసే ఉంటావు. "సాంకేతిక కారణాలతో నా శిష్యురాలికి అన్యాయం జరగకూడదు. నా వర్క్‌షాపులో సగం పూట ఆమెకు నా తరఫున కానుక" అని. అందరూ ఆహా అన్నారు. ఇద్దరు నిర్వాహకులు తమంతట తాము కలిస్తే కమిటీకి అభ్యంతరం లేదని అధ్యక్షురాలు రాశారు. కాబట్టి ఇప్పుడు నువ్వు సరే అంటే అమ్మాయి పేపరు ఉంటుంది. కాదంటే, అంత పెద్దమనిషి చెయ్యి చాస్తే విదిలించుకుందని అంటారు.

ఈసారి నేను వేలు పెట్టను.

వదిన


మార్చి 4

వదినా,

ఆ మెయిలు రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. కానుక అన్న మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. ఆయన తీసుకున్నప్పుడు నేను నోరెత్తలేదు. ఇప్పుడు ఆయన అందులోంచే ఒక ముక్క విరిచి ఇస్తుంటే చేతులు చాచాలి.

సరే అని రాసి, కొట్టేశాను. చివరికి ఆయన రాసినట్టే అందరికీ పోయేలా ఇది రాశాను:

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ ఆహ్వానానికి కృతజ్ఞతలు. మీ వర్క్‌షాపుకు ఆధారమైన పద్ధతిని తొమ్మిదేళ్ళ క్రితం మీ ల్యాబులో నేను రాశాను. మీరు అచ్చువేసిన పేపరులో నా పేరు లేదు. ఎందుకు లేదో ఆ వేదిక మీద మీరు చెబుతానంటే నేను వచ్చి మీ పక్కన కూర్చుంటాను. చెప్పనంటే రాను."

పంపే ముందు పొడుగమ్మాయిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఈసారి పోయేది తన పేపరు కాబట్టి తన్ను అడక్కుండా పంపకూడదనిపించింది. మొదట ఏడ్చింది. ఇన్నాళ్ళూ మీరు ఆయన పద్ధతి అని పాఠం చెప్పినప్పుడల్లా నేను నోట్సు రాసుకున్నానే అని నా మీద కోపగించుకుంది. "ముందే చెప్పాల్సింది మేడం" అంది. తరవాత మొహం కడుక్కుని వచ్చి "పంపండి" అంది. పట్టా ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతుందని తెలిసే అంది. అది మాత్రం నిజంగా నష్టమే, మాటలతో తీరేది కాదు.

ప్రిన్సిపాల్ గారు పిలిచి "ఇవన్నీ మనకెందుకండీ" అన్నారు. ఎవరైనా ఫోను చేశారేమో. నాకెందుకో చెప్పాను. కుర్చీ చూపించి కూర్చోమన్నారు, అది కొత్త.

నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను. నువ్వు కలిపినప్పుడూ నన్ను అడగలేదు, విడదీసినప్పుడూ అడగలేదు. రెండుసార్లూ నా మంచికే. నీ మనసు నాకు తెలుసు, అందుకే ఇది నీతోనే అంటున్నాను. అన్నయ్య మాత్రం నేను చెప్పినదానికి కట్టుబడి తొమ్మిదేళ్ళు నోరు కుట్టేసుకున్నాడు. అతన్ని ఇంక ఏమీ అనకు. ఒట్టు తీసేశానని నేనే ఫోను చేసి చెప్పాను. ట్యాంకు వాల్వు మార్పించానని చెప్పి పెట్టేశాడు. అమ్మకు ఆదివారం నేనే వచ్చి చెప్తాను. నువ్వు చెప్పకు.

ఇవాళ పెద్దాయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. నాకు కాదు, అధ్యక్షురాలికి. ఆరోగ్యం సరిగా లేనందువల్ల ఈ ఏడు వర్క్‌షాపు పెట్టడం లేదట. నేను రాసింది నిజమనలేదు, అబద్ధమని కూడా అనలేదు. నిజం చెప్పొద్దూ, అది చదివి నేను పొంగిపోలేదు. ఖాళీగా అనిపించింది. ఇన్నేళ్ళూ ఎంత భయపడ్డానో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం గడియారం గారు ఫోను చేశారు. హాలు ఖాళీ అయిందట. పేపర్లు ఇంకో నాలుగు తెచ్చుకోగలిగితే అందులో నా వర్క్‌షాపు ఒక్కటే, నా పేరుతోనే పెట్టుకోవచ్చన్నారు. మీరు కావాలంటేనే, లేకపోతే వేరేవాళ్ళకు ఇస్తామన్నారు. "తొందరలేదండీ, మీ ఇష్టం అడుగుతున్నాను" అన్నారు.

నన్ను అడిగారు వదినా. ఆలోచించుకుని చెప్తానన్నాను.

నీ మరదలు